గుర్రపుడెక్కలో చిక్కని చుక్కాని ఏది?
లంక పడవలకు నిలువు పలక కంటే ఏటవాలు పలక మేలు

గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే లంక గ్రామాల వారికి పడవే కాలు, పడవే బండి. పాల క్యాన్లు, కూరగాయల బుట్టలు, అరటి గెలలు, పశువుల మేత, బడికెళ్లే పిల్లలు, ఆసుపత్రికి వెళ్లే బాలింతలు అందరూ ఆ పలకల మీదనే ఏరు దాటవలసిందే. యానాం–ఎదుర్లంక వంతెన వంటివి వచ్చిన తరువాత పడవల రద్దీ కొంత తగ్గిన మాట నిజమే. అయినా నరసాపురం–సఖినేటిపల్లి, కోటిపల్లి–ముక్తేశ్వరం రేవులు రేవులుగానే ఉన్నాయి. వంతెన ఆశలేని చిన్న లంకలు ఇంకా ఎన్నో ఉన్నాయి.

సరిగ్గా ఆ వరద రోజుల్లోనే కాలువల నుంచి, మురుగు డ్రెయిన్ల నుంచి గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా ఏటిలోకి కొట్టుకువస్తుంది. దూరం నుంచి చూస్తే పచ్చని తివాచీ. దగ్గరకొచ్చి చుక్కానికి చుట్టుకుంటే మాత్రం మనుషులు లాగినా రాని బరువు. పడవ ముక్కు ఒక దిక్కుకు, సరంగు చూపు మరో దిక్కుకు పోతాయి. ఇంజను పంకాకు చుట్టుకుంటే ఇంజను ఆగిపోతుంది. ప్రవాహం మాత్రం ఆగదు.

ప్రవాహంలో అదుపు తప్పిన పడవకు మిగిలేది క్షణాలే అన్న సంగతి ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక వద్ద గౌతమి పాయలో విద్యార్థినులు, గ్రామస్తులు ఎక్కిన నాటుపడవ నిర్మాణంలో ఉన్న వంతెన పునాదిని ఢీకొని బోల్తా పడింది. ఆ దుర్ఘటనకు కలుపు కారణమని కాదు. అదుపు తప్పిన పడవకు, ఎదురుగా ఉన్న స్తంభానికి మధ్య ఎంత తక్కువ వ్యవధి ఉంటుందో అది చూపింది. అందుచేత చుక్కాని పలకను ఏ వాటంలో కట్టాలి, పంకాను ఎలా ఎంచుకోవాలి అన్నది వడ్రంగికి వదిలేసే చిన్న విషయం కాదు.

కాటన్ నాడు లేని కలుపు

సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేయించాడు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలు పొలాలకు నీరు పారించడంతో పాటు పడవలు నడపడానికి కూడా ఉద్దేశించినవే. లాకులు కట్టింది అందుకే. ధాన్యం, కొబ్బరి, కలప, సున్నం తరాల తరబడి ఈ కాలువల మీదనే రేవులకు చేరాయి. ఇటీవల 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువల మార్గాన్ని, గోదావరిలో భద్రాచలం–రాజమండ్రి భాగాన్ని, కృష్ణలో కొంత భాగాన్ని కలిపి 4వ జాతీయ జలమార్గంగా కేంద్రం ప్రకటించింది.

అయితే కాటన్ కాలువలు తవ్విన నాటికి మన నీటిలో గుర్రపుడెక్క లేనే లేదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఊదారంగు పూవు అందంగా ఉందని చెరువుల్లో పెంచుకోవడానికి తెచ్చిన ఈ మొక్క 19వ శతాబ్దం చివరి దశకంలో బెంగాల్లో అడుగుపెట్టి, అక్కడి నుంచి దేశమంతా పాకింది. వాతావరణం అనుకూలిస్తే రెండు వారాలలో రెట్టింపవుతుంది. ఆకు కాడలు గాలితో ఉబ్బి ఉండటం వల్ల మునగదు. మొక్కకూ మొక్కకూ మధ్య పాకే తీగ వంటి కాడ ఉంటుంది. ఒకదాన్ని పట్టి లాగితే చాపంతా కదలి వస్తుంది.

చుక్కానిని నిటారుగా నిలబెట్టే వాటం ఈ కలుపు రాకముందు నుంచీ ఉన్నది. శుభ్రమైన నీటికి అది సరిపోయింది. నీరు మారింది గాని వాటం మారలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

వంతెన స్తంభం, కొడవలి

కాలువ మీది ఏ వంతెన దగ్గరైనా నిలబడి చూస్తే విషయం బోధపడుతుంది. కొట్టుకువచ్చిన గుర్రపుడెక్క నిలువు స్తంభానికి అడ్డంగా తగిలి, సగం అటు, సగం ఇటు మడతపడి అక్కడే వేలాడుతుంది. నీరు దాన్ని స్తంభానికేసి నొక్కుతూనే ఉంటుంది. ఎంత జోరుగా ప్రవహిస్తే అంత గట్టిగా నొక్కుతుంది. పక్కనే ప్రవాహం దిశగా వాలిన వెదురు గెడ ఒకటి ఉంటే దానికి తగిలిన మొక్క మాత్రం జారుకుంటూ పోయి కొస దగ్గర ఊడిపోతుంది.

కదిలే పడవకు కట్టిన చుక్కాని కూడా అటువంటి స్తంభమే. అది నీటిలోకి నిలువుగా దిగితే మొక్కను నొక్కిపెడుతుంది. పైభాగం ముందుకు, కింది కొస వెనక్కు ఉండేలా ఏటవాలుగా దిగితే నీటి తోపుడులో కొంత భాగం మొక్కను అంచు వెంట కిందికి నెడుతుంది. వాలు తగినంత ఉంటే ఆ నెట్టుడు రాపిడిని మించుతుంది. మొక్క జారిపోతుంది. కొడవలిని తిన్నగా నొక్కితే దుబ్బు తెగదు, ఏటవాలుగా లాగితే తెగుతుందని కోతకూలీలకు తెలుసు. రెండింటిలోనూ ఉన్నది అంచు వెంట జారుడే.

ఇదే సంగతిని ఎక్కడో సముద్రాల మీద తెరచాప పలకలతో ఆడుకునే క్రీడాకారులు కూడా పట్టించుకోవలసి వచ్చింది. మనిషి ఒక పలక మీద నిలబడి, దానికి బిగించిన తెరచాపను చేత్తో పట్టుకుని గాలివాటాన దూసుకుపోయే ఆటను విండ్‌సర్ఫింగ్ అంటారు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ నుంచి అది ఒలింపిక్ క్రీడ. పలక కింద వెనుక భాగాన చేప రెక్క వంటిది ఒకటి ఉంటుంది. అది లేకపోతే పలక పక్కకు జారిపోతుంది. వేగానికి సన్నగా, పొడుగ్గా, ఇంచుమించు నిలువుగా ఉన్న రెక్క మేలు. ఫ్రాన్సుకు చెందిన ఆంట్వాన్ ఆల్బో 2015లో నమీబియా దేశంలోని లూడెరిట్జ్ వద్ద 53.27 నాట్ల వేగం, అంటే గంటకు దాదాపు 99 కిలోమీటర్లు సాధించాడు. అది పందెం కోసం ప్రత్యేకంగా తవ్విన కాలువ. నాచు పెరిగే తీరాలలో అటువంటి నిలువు రెక్క పనికిరాదు. ఒక్క నాచు పోగు చిక్కితే చాలు, వేగమంతా పోయి మనిషి ముందుకు విసిరేసినట్లు పడతాడు. అందుకే అక్కడి వారు వెనక్కు బాగా వాలి, పొట్టిగా, మొదలు వెడల్పుగా ఉన్న రెక్కను వేరేగా ఉంచుకుంటారు. నీటిని చూసి రెక్కను మారుస్తారు.

వారికి అది పందెం. లంక రైతుకు అది బ్రతుకు. సూత్రం మాత్రం ఒక్కటే.

ఎంత వాలు కావాలి?

దీనికి కోణాలు కొలిచే పరికరం అక్కరలేదు. వడ్రంగి అడుగుబద్ద, ఒక పలక చాలు. చుక్కానికి వాడే కర్ర ముక్కనే తీసుకుని, అదే విధంగా చిత్రిక పట్టి, అదే నూనె లేక రంగు పూసి తడపాలి. మీ రేవులో చిక్కే కలుపునే తడిగా దాని మీద వేయాలి. పలక ఒక కొసను మెల్లగా పైకెత్తుతూ పోతే ఎక్కడో ఒకచోట కలుపు తనంత తాను జారడం మొదలుపెడుతుంది. అక్కడ ఆపి, నేల మీద అడుగు దూరానికి పలక ఎన్ని అంగుళాలు లేచిందో కొలవాలి.

ఆ అంగుళాలే లెక్క. ఉదాహరణకు అడుగుకు ఏడు అంగుళాలు లేచినప్పుడు కలుపు జారిందనుకుంటే, చుక్కాని ముందు అంచు కూడా నీటిలోకి అడుగు దిగేసరికి ఏడు అంగుళాలకు మించి వెనక్కు పోవాలి. సరిగ్గా ఏడే పెడితే చాలదు. కాడలు అంచుకు చుట్టుకుని అదనంగా పట్టు తెచ్చుకుంటాయి. గుర్రపుడెక్క తేలే మొక్క కాబట్టి కిందికి జారడానికి మొరాయిస్తుంది. అందుచేత మరో మూడు అంగుళాలైనా కలిపి పది పెట్టుకోవడం క్షేమం. అడుగుకు అడుగు వెనక్కు పోతే అది 45 డిగ్రీల వాలు. మొండి కలుపుకు అంతవరకూ వెళ్లవలసి రావచ్చు.

మరింత వాలుస్తే ఇంకా మంచిదే కదా అనుకోరాదు. ప్రతి అంగుళం వాలుకూ చెల్లించవలసిన మూల్యం ఉంది.

లాభంతో పాటు నష్టం

మొదటిది లోతు. నాలుగడుగుల పలకను నిలువుగా దింపితే నాలుగడుగుల నీరు పడుతుంది. దాన్నే 45 డిగ్రీలు వాలిస్తే అందే లోతు రెండడుగుల పది అంగుళాలే. పట్టు తగ్గకుండా ఉండాలంటే పలకను వెడల్పు చేయాలి. మెరక తిప్పల మీద, ఇసుక మేటల మీద తిరిగే పడవకు లోతు తగ్గడం ఒక విధంగా లాభమే. లోతైన పాయలో గాలికి ఎదురు నడిచే పడవకు మాత్రం అది నష్టం.

రెండవది చేతి బరువు. పలక వెనక్కు వాలే కొద్దీ నీరు తోసే చోటు బందులకు దూరమవుతుంది. పిడి బరువెక్కుతుంది. దీనికి మామూలుగా చేసే చిట్కా పలకలో కొంత భాగాన్ని బందులకు ముందు వైపు ఉంచి సమతూకం చేయడం. కలుపు నీటిలో ఆ చిట్కా పనికిరాదు. ముందుకు పొడుచుకువచ్చిన ఆ మూలే కలుపుకు కొక్కెమవుతుంది. అంతకంటే పిడిని ఒక మూర పొడుగు చేయించుకోవడం నయం.

మూడవది వేగం. వెడల్పయిన వాలు పలక నీటిని కాస్త ఎక్కువ లాగుతుంది. గంటకు వంద కిలోమీటర్ల దగ్గర పందెం వేసేవారికి అది లెక్కే. నెమ్మదిగా ఏరు దాటే నాటుపడవకు అది పెద్ద లెక్క కాదు. చిక్కిన కలుపు చాప ఒక్కటి లాగే బరువు ముందు ఈ నష్టం ఏపాటిది?

చేయించేటప్పుడు చూసుకోవలసినవి

వాలు ఒక్కటే సరిపోదు. ముందు అంచున గంట్లు, పగుళ్లు, పైకి లేచిన బోల్టు తలలు, ఇనుప పట్టీ కొసలు ఉంటే జారుతున్న కలుపు అక్కడే ఆగిపోతుంది. ఒక్క కాడ ఆగితే దాని వెనుక చాపంతా పోగవుతుంది. అంచును నున్నగా, గుండ్రంగా చిత్రిక పట్టించి, బోల్టు తలలను కర్రలోకి దిగగొట్టించి, ఏటా పడవకు నూనె పెట్టేటప్పుడు దీనికీ పెట్టాలి.

రెండవ ప్రమాద స్థలం పడవ వెనుక దూలానికీ చుక్కానికీ మధ్య ఉండే సందు. కాడలు అక్కడ దూరితే చుక్కాని తిరగనే తిరగదు. సందును వీలైనంత సన్నగా ఉంచాలి. పడవ అడుగు నుంచి చుక్కాని ముందు వరకు ఏటవాలుగా ఒక రెక్క పలకను బిగిస్తే కలుపు దాని మీదుగా కిందికి జారి సందును దాటిపోతుంది.

మూడవది, చుక్కానిని పైకి ఎత్తుకునే ఏర్పాటు. అడుగు భాగాన్ని ఒక మేకు మీద మడిచేలా చేసి, తాడుతో పైకి లాగే వీలుంటే, చిక్కిన కలుపును మనిషి నీటిలోకి దిగకుండానే విదిలించవచ్చు. ఇసుక తగిలినప్పుడు చుక్కాని విరగకుండా కాపాడేది కూడా అదే.

చిన్న దోనెల వారికి ఇవేవీ అక్కరలేదు. వెనుక కూర్చుని తెడ్డును నీటిలో ఏటవాలుగా ఈడుస్తూ దిక్కు తిప్పే పాత పద్ధతిలో వాలూ ఉంది, ఎత్తి విదిలించే వీలూ ఉంది. కొల్లేటిలో తాటి దోనెను గెడతో తోసుకుపోయే వారిది ఇంకా తేలిక. అడుగున పొడుచుకువచ్చినది ఏమీ లేకపోతే చిక్కడానికి కూడా ఏమీ లేదు.

ఇంజను పడవల సంగతి

ఇంజను పడవకు రెండు చోట్ల కలుపు బెడద ఉంది. ఒకటి నీటిలో తిరిగే పంకా, అంటే ప్రొపెల్లరు. రెండవది ఇంజనును చల్లబరిచే నీరు లోపలికి వచ్చే రంధ్రం.

పంకా రెక్కలు నిటారుగా ఉంటే నాచు పోగులు దారం ఉండకు చుట్టుకున్నట్లు చుట్టుకుంటాయి. రెక్కల ముందు అంచులు కొడవలిలా వెనక్కు వంగి ఉన్న పంకాలు కూడా దొరుకుతాయి. చుక్కానికి చెప్పిన సూత్రమే వీటికీ వర్తిస్తుంది. తిరుగుతున్నప్పుడు కలుపు రెక్క కొస వైపు జారి ఊడిపోతుంది. తోపుడు శక్తి కొంత తగ్గుతుంది, వెనక్కు నడిపేటప్పుడు మరికొంత తగ్గుతుంది. ఈ తేడా తెలిసే కొనుక్కోవాలి. పంకా చుట్టూ గుండ్రని గొట్టం బిగించినవి లోతైన శుభ్రమైన నీటిలో మంచివే గాని కలుపు నీటిలో ఆ గొట్టమే బోను అవుతుంది.

థాయిలాండు కాలువల్లో పొడవాటి ఇరుసు కొసన పంకా పెట్టిన పడవలు తిరుగుతాయి. ఇంజనుతో సహా ఇరుసును పైకెత్తితే పంకా నీటి పైకి వస్తుంది. కలుపు, ఇసుక మేట ఏది తగిలినా ఎత్తి దాటిపోవచ్చు. మన తీరంలో తెప్పలకు బిగించే పొడవు తోక ఇంజన్లు ఈ జాతివే. లోతులేని, కలుపు పెరిగిన కాలువకు ఇది అనువైన ఏర్పాటు. అయితే బయట తిరిగే ఇరుసు, పంకా దగ్గరకు ప్రయాణికులను, ముఖ్యంగా పిల్లలను రానివ్వరాదు. చీర కొంగులు, తువ్వాళ్లు కూడా జాగ్రత్త.

చల్లబరిచే నీటి రంధ్రానికి ఆకు ముక్క అడ్డుపడినా ఇంజను నిమిషాలలో వేడెక్కుతుంది. బయట బిగించే ఇంజన్లకు పక్క నుంచి సన్నని నీటి ధార చిమ్ముతూ ఉంటుంది. కలుపులోంచి బయటపడగానే సరంగు మొదట చూడవలసింది ఆ ధారనే. అది ఆగితే గట్టు పక్కకు చేరి ఇంజను ఆపాలి. లోపలి ఇంజను పడవలకు జల్లెడ డబ్బా బిగించుకుని రోజూ కడుక్కోవాలి.

పంకాకు కలుపు చుట్టుకున్నట్లు అనిపిస్తే వేగం పెంచి తెంపాలని చూడరాదు. వేగం తగ్గించి, గేరు ఉన్న ఇంజనైతే ఒకటి రెండుసార్లు వెనక్కు తిప్పితే చాలావరకు విడిపోతుంది. విడకపోతే పడవను లంగరు వేసి గాని, గట్టుకు కట్టి గాని, ఇంజను పూర్తిగా ఆపిన తరువాతే చెయ్యి పెట్టాలి. ఇంజను తిరుగుతుండగా పంకా దగ్గర చెయ్యి పెట్టడమంటే వేళ్లు పోగొట్టుకోవడమే.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. వాలు ఎంత ఉన్నా చిరిగిన నైలాను వల ముక్కలు, ప్లాస్టిక్ సంచులు జారవు. అవి ఇరుసుకు చుట్టుకుని బిగుసుకుంటాయి, నూనె కారకుండా ఆపే సీలును కూడా కోస్తాయి. పనికిరాని వలను ఏటిలో పారవేసే చెయ్యి రేపు అదే ఏటిలో తన పడవ పంకాను తానే కట్టేస్తోంది. కలుపు పడవల్లో చిన్న కత్తి, పొడవు కొక్కెం, రెండు తెడ్లు, ఒక లంగరు, మనిషికొక లైఫ్ జాకెట్ ఉండి తీరాలి. ఇంజను ఆగిన క్షణంలో తెడ్డే దిక్కు.

ఏ పడవకు ఏది?

నాచు పోగులు మాత్రమే ఉండే పాయలో తిరిగే తెరచాప నావకు అడుగుకు ఏడెనిమిది అంగుళాల వాలు చాలవచ్చు. లోతు మిగులుతుంది, గాలికి ఎదురు నడక చెడదు. వరదల్లో గుర్రపుడెక్క తెప్పలను దాటవలసిన లంక పడవకు అడుగుకు పది నుంచి పన్నెండు అంగుళాల వాలు, వెడల్పు పలక, పొడుగు పిడి, పైకెత్తే తాడు మంచివి. రెండు నీళ్లలోనూ తిరిగే వారు విండ్‌సర్ఫింగ్ ఆటగాళ్లలాగే రెండు పలకలు చేయించుకుని బందులు ఒకే కొలతకు పెట్టించుకుంటే కాలాన్ని బట్టి మార్చుకోవచ్చు. ఏది చేయించినా, ముందుగా పాత పలక అంచుకు ఏటవాలు చెక్క ముక్క బిగించి ఒక నెల తిరిగి చూడటం తెలివైన పని. ఖర్చు తక్కువ, పాఠం ఎక్కువ.

కలుపు పోయే దారి

చుక్కాని మారిస్తే పడవ గట్టెక్కుతుంది గాని కాలువ బాగుపడదు. గుర్రపుడెక్క నిండిన కాలువలో శివారు పొలానికి నీరందదు, నిండిన డ్రెయిన్లో వాన నీరు దిగక వరి మునుగుతుంది. మందు చల్లుదామంటే ఆ కాలువ నీరే ఎన్నో గ్రామాల మంచినీటి చెరువులకు పోతోంది. ఈ మొక్కను తినే ముక్కుపురుగులను విదేశాల నుంచి తెప్పించి 1983లో బెంగళూరు పరిసరాల చెరువుల్లో విడిచారు. కొన్నిచోట్ల అవి బాగానే పనిచేశాయి. అయితే పురుగు పని నిదానం, కాలువ ప్రవాహం వేగం. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లోనే కలుపును వేళ్లతో సహా తీయించి, గట్టు మీద వదలకుండా దూరంగా కుప్ప వేయిస్తే అదే ఎరువవుతుంది. గట్టు మీద వదిలితే తొలి వానకు తిరిగి నీటిలోకి దిగుతుంది.

ఆ పని అధికారులది, నీటి సంఘాలది, రైతులందరిది. అంతవరకూ ఏరు దాటించవలసిన సరంగు చేతిలో ఉన్నది చుక్కాని ఒక్కటే. వానలు దిగక ముందే, పడవ గట్టు మీద ఉండగానే, వడ్రంగిని పిలిచి దాని వాలు చూపించుకోవడం మంచిది.